క్లినిక్‌లో గురువారాలు

ఫిబ్రవరి 11

హెలెన్ గదిలోంచి బయటికొచ్చి లిఫ్ట్ దాకా నడిచాక, నొక్కిన బటన్నే మళ్లీ మళ్లీ నొక్కాను. తొందర కాదు. కోపం.

గురువారాలు తీసేయమంటోంది.

ఏడాదిగా కట్టుకుంటూ వస్తున్న పాత్‌వే ఇది. కేన్సర్‌కి వైద్యం చేసేవాళ్లకీ, కేన్సర్ మీద పరిశోధన చేసేవాళ్లకీ కలిపి ఒకే శిక్షణ. నర్సో డాక్టరో వారానికొక పూట ల్యాబ్‌లో పనిచేయాలి. ల్యాబ్ మనిషి ప్రతి గురువారం పొద్దున క్లినిక్‌లో రోగి ఎదురుగా కూర్చోవాలి. ఇద్దరూ ఒక జంట. చెప్పడానికి రెండు ముక్కలే. ఒప్పించడానికి ఎన్ని డిపార్ట్‌మెంట్ల చుట్టూ తిరిగానో నాకు తెలుసు.

“నాజ్, ఐడియా బాగుంది. కానీ సైంటిస్టులు పేషెంట్లని చూడటం ఎందుకు? రిస్క్. ఒక ఆన్‌లైన్ మాడ్యూల్ పెట్టేద్దాం. వీడియోలు, చివర్లో క్విజ్...”

మా కేన్సర్ సెంటర్లో శిక్షణ మొత్తానికి ఆవిడే డైరెక్టర్. ఆవిడ ‘పెట్టేద్దాం’ అంటే పెట్టేసినట్టే.

కుదరదన్నాను. మొహం మీదే.

“యు ఆర్ నాట్ ఎ క్లినిషియన్ హియర్, నాజ్.” నవ్వుతూనే అంది.

హియర్. ఇక్కడ. నిజమే — గుంటూరులో రేడియోథెరపీ డాక్టర్ని. ఈ దేశానికొచ్చాక డాక్టర్ లైసెన్సు కోసం మళ్లీ ఆ పరీక్షలూ ఎదురుచూపులూ నా వల్ల కాక శిక్షణలు రూపొందించే పనిలోకి వచ్చాను. ఎవరూ నెట్టలేదు, నేనే వచ్చాను, ఈ పని నాకిష్టం. అయినా ఆ ఒక్క మాట రైల్లో టార్నీట్‌లో మా ఇంటి దాకా చెవిలో మోగుతూనే ఉంది.

చివరికి ఇంతవరకు తేలింది: మార్చిలో కమిటీ తేలుస్తుంది. అప్పటిదాకా ప్రయోగంగా ఒక చిన్న పైలట్ నడుపుకోవచ్చు.

నడుపుతాను.

ఫిబ్రవరి 12

ఆన్‌లైన్ మాడ్యూల్. క్విజ్. ఎదురుగా ఉన్న మనిషి ఏడుస్తుంటే ఎ, బి, సి, డిల్లో ఏది నొక్కాలట?

ఫిబ్రవరి 16

ఆదివారం. వెర్రిబీలో మా ఆయన ఇంతియాజ్ ఫ్రెండ్స్ బార్బెక్యూ. అందరూ ఇళ్ల ధరలు, వీసాలు. నేను అక్కడ కూడా పాత్‌వే గురించే మాట్లాడానట — తిరిగొస్తూ కారులో ఇంతియాజ్ దెప్పాడు.

“ఎందుకే నీకు ఈ పంచాయితీ? ఆయమ్మ ఆన్‌లైన్ అనింది గదా, ఆన్‌లైన్ జెయ్. జూన్‌లో నీ కాంట్రాక్ట్ అయిపోతాది. ఇప్పుడు కొట్లాడితే యాడికి పోతావు?”

“పోతే పోతాను. నేను తగ్గనయ్యా.”

“నువ్వు యాడ ఇంటావులే.”

వెనక సీట్లోంచి జోయా, చెవుల్లోంచి ఇయర్‌ఫోన్స్ తీయకుండానే — “మమ్, యు ఆర్ సో స్టబర్న్. ఇట్స్ కైండా కూల్.”

పద్నాలుగేళ్ల పిల్ల దగ్గర్నించి ఇంతకంటే మెచ్చుకోలు దొరకదు. ఉంచుకుంటాను.

ఫిబ్రవరి 20

మొదటి గురువారం.

ల్యాబ్ నుంచి టామ్ టై కట్టుకుని వచ్చాడు. ఎవరూ కట్టుకోమనలేదు. అండాశయ కేన్సర్ కణాల మీద ఏళ్లుగా పనిచేస్తున్నాడు — మందుకి లొంగని కణాలు ఎందుకు లొంగవో అన్నది అతని ప్రశ్న. ఆ జబ్బున్న మనిషిని మాత్రం ఇంతవరకూ చూడలేదు. అతని జంట గ్రేస్. జింబాబ్వే నుంచి వచ్చిన నర్సు, గట్టి మనిషి, ఆ క్లినిక్‌లో ఆమెకి తెలియని రోగి లేదు.

నేను లోపలికి వెళ్లలేదు, కారిడార్లో కూర్చున్నాను. పన్నెండు దాటాక టామ్ బయటికొచ్చాడు. టై వదులైంది. మొహం పాలిపోయింది.

“మా ఫ్రిజ్‌లో ఉన్న కణాలు... అవి ఒకామె ఒంట్లోంచి వచ్చాయి కదా. ఆమెకేమైందో నేనెప్పుడూ అడగలేదు, నస్రీన్.”

పూర్తి పేరు పెట్టి పిలిచే కొద్దిమందిలో ఇతనొకడు.

ఇంకేం కావాలి? ఇందుకే కదా. రైలెక్కి కిటికీలో నన్ను నేను చూసుకుంటే నవ్వుతున్నాను.

ఫిబ్రవరి 24

నవ్వు అయిపోయింది.

కంప్లయింట్ వచ్చింది. గురువారం నాటి రోగుల్లో ఒకావిడ సోఫియా. డెబ్బై దాటిన గ్రీకు ఆవిడ, జబ్బు రెండోసారి తిరగబెట్టింది. ఫిర్యాదు చేసింది ఆవిడ కూతురు మరియా. జరిగిందేమిటో గ్రేస్‌ని కూర్చోబెట్టి మొత్తం అడిగాను.

సోఫియా అడిగిందట టామ్‌ని — నువ్వేం చేస్తావు బాబూ అని. అతను చెప్పాడు. ఉత్సాహంగా చెప్పాడు. కొత్త మందుతో ఎలుకల్లో గడ్డలు కరిగిపోయాయని. మరియా ముందుకి వంగింది: “అమ్మకి ఎప్పుడిస్తారు?” టామ్ తడబడ్డాడు. “సూన్... హోప్‌ఫుల్లీ.”

సూన్.

మరియా ఆ సాయంత్రమే చుట్టాలందరికీ ఫోన్లు చేసింది. ఇక్కడా, గ్రీసులోనూ. మర్నాడు డాక్టర్ని అడిగితే ఆయనకేం అర్థం కాలేదు. అలాంటి మందు మనుషుల దాకా రావడానికి ఏళ్లు పడుతుంది, వస్తుందో రాదో కూడా తెలియదని చెప్పాల్సి వచ్చింది. మరియా ఆయన ముందే కూలబడి ఏడ్చిందట.

హెలెన్ ఈమెయిల్ ఒకే వాక్యం. గురువారాలు వెంటనే ఆపేయాలి.

ఫిబ్రవరి 25

టామ్ తప్పుకుంటానంటున్నాడు. “నేను ల్యాబ్‌లో ఉంటేనే అందరికీ క్షేమం.”

“నువ్వెళ్లిపోతే హెలెన్ గెలిచినట్టు” అనబోయాను. అనలేదు. ఇది నాకూ హెలెన్‌కీ మధ్య ఆట కాదు. ఒకామె కూతురు ఏడ్చింది.

కానీ ఒకటి చెప్పాను — నిన్ను తయారుచేయకుండా ఆ గదిలోకి పంపింది పాత్‌వే. ఆ పాత్‌వే గీసింది నేను. మార్చాల్సింది దాన్ని.

నమ్మాడో లేదో. కప్పు కడుక్కుని వెళ్లిపోయాడు.

మార్చి 1

ఉపవాసాల నెల. మొదటి రోజా. తెల్లవారకముందే సహరీకి ఇంతియాజే పరోటాలు చేశాడు, మాడ్చాడు, తిన్నాం. జోయా ఈసారి అన్నీ ఉంటానంటోంది. మధ్యాహ్నానికి ఎలాగూ తెలుస్తుంది.

ఉపవాసంలో కోపం తగ్గించుకోవాలంటారు. ప్రయత్నిస్తున్నాను. హెలెన్ పేరు ఫోన్‌లో కనిపించినప్పుడల్లా మళ్లీ మొదటికొస్తోంది.

మార్చి 5

సోఫియా నన్ను చూడాలందట. గ్రేస్‌తో కబురు పెట్టింది. కీమో ఎక్కించే హాల్లో, కిటికీ పక్క కుర్చీలో, ఒళ్లో ఊలు దుప్పటి. పక్కన మరియా, చేతులు కట్టుకుని.

క్షమాపణ చెప్పడానికి నోరు తెరిచాను. సోఫియా చెయ్యెత్తి ఆపింది.

“కంప్లయింట్ నా కూతురిచ్చింది. నేనివ్వలేదు.”

“మమా—” మరియా ఆపబోయింది.

“నేను మాట్లాడుతున్నాను. ఆ అబ్బాయి ఏడీ?”

ఆపేశామని చెప్పాను. ఇక రాడని.

ఆవిడకి కోపమొచ్చింది. నిజం కోపం — సూది గుచ్చిన చెయ్యి కదిపేస్తే గ్రేస్ పరిగెత్తుకొచ్చింది. “అదీ తప్పు! ఒక మాట జారాడు. సరే. తర్వాత గురువారం వచ్చి, ‘సోఫియా, నేను తొందరపడ్డాను’ అనాలి కదా? ఆశ పెట్టినందుకు కాదు నాకు బాధ. పెట్టి కనపడకుండా పోయాడు. ఎందుకు దాచారు వాణ్ని?”

గ్రేస్ సూది మీద మళ్లీ టేపు వేస్తుంటే కూడా సోఫియా ఆగలేదు.

“వాడికెవరూ మాట్లాడటం నేర్పలేదు. నేను నేర్పుతాను. నాకిప్పుడు వేరే పనేముంది?”

మరియా కిటికీలోంచి బయటికి చూస్తోంది. కళ్లు తుడుచుకుంది. నేను లేచేటప్పుడు మెల్లగా అంది — “ఆమె సీరియస్‌గానే అంటోంది. నలభై ఏళ్లు స్కూల్ టీచర్.”

మార్చి 6

నీళ్లు కూడా లేని గొంతుతో రోజంతా పాత్‌వే తిరగరాశాను. ఇంత స్పష్టంగా ఎప్పుడూ కనపడలేదు.

ల్యాబ్ మనిషి క్లినిక్‌లో అడుగుపెట్టే ముందు రోగుల దగ్గర పాఠం వినాలి. రోగి చెప్తుంది, వాళ్లు వింటారు. వార్త ఎలా చెప్పాలి, తెలియదని ఎలా చెప్పాలి, ఎక్కడ ఆగాలి. నర్సు పక్కనుంటుంది. తప్పు మాట పడితే పారిపోవడానికి లేదు — మళ్లీ ఆ మనిషి దగ్గరికే వచ్చి సరిదిద్దుకోవాలి.

కంప్లయింట్‌ని చూసి గురువారాలు ఆపేయడం కాదు. దాన్ని పాఠంలో పెట్టడం.

హెలెన్‌కి పంపాను. ఉపవాసం విడిచే వేళకి ఆఫీస్ వంటగదిలో నిలబడి, ఒక ఖర్జూరం, ఒక గ్లాసు నీళ్లు.

మార్చి 11

“పేషెంట్లు ట్రైనర్లా? నో, నాజ్.”

ఎందుకు కాదు?

“వాళ్లు ఎమోషనల్. కన్సిస్టెంట్‌గా ఉండరు. నీకు మంచి ఉద్దేశం ఉందని నాకు తెలుసు.”

మంచి ఉద్దేశం! ఈ దేశంలో ఈ రెండు మాటలూ చెప్పి తలుపు ఎంత మెత్తగా వేసేస్తారో. చప్పుడు కూడా రాదు.

“నాకున్నది మంచి ఉద్దేశం కాదు, హెలెన్. నాకున్నది డిజైన్. చదివి, ఎక్కడ పనిచేయదో చెప్పు.”

చదవలేదని ఆవిడ మొహమే చెప్పింది. అది ఆవిడకీ తెలిసింది. తర్వాత, అలసటగా — “బోర్డు నన్నడుగుతుంది, నిన్ను కాదు. ఇంకో కంప్లయింట్ వస్తే అసలు పాత్‌వేనే ఉండదు. అది ఆలోచించావా?”

ఆలోచించాను. ఆ భయం ఉత్తది కాదు. ఆ మాట ఇంకెక్కడా ఒప్పుకోను, ఇక్కడ రాసుకుంటున్నాను.

అయినా తగ్గను.

మార్చి 12

అమ్మీ ఫోన్. గుంటూరులో ఎండలు మొదలయ్యాయట, రోజా కష్టంగా ఉందట. “నీ ఉద్యోగం ఎట్టా ఉంది?” బాగానే ఉందన్నాను. “గొంతు అట్టా లేదే... ఎవరితో గొడవ పెట్టుకున్నావ్?”

ఇన్ని వేల మైళ్ల నుంచి ఎలా తెలుస్తుందో.

మార్చి 18

కమిటీ. పొడవాటి బల్ల, ఆ చివర హెలెన్, ఈ చివర నేను. నాకిచ్చిన సమయం పది నిమిషాలు. నేను రెండే తీసుకున్నాను, మిగతాది టామ్‌కి ఇచ్చేశాను. వస్తాడని నాకూ పొద్దుటి దాకా నమ్మకం లేదు.

స్లైడ్లు లేవు. నిలబడి చెప్పాడు. ఏమన్నాడో, మరియా ఏమడిగిందో, ‘సూన్’ అన్న మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో.

“ఆవిడ నొచ్చుకుంటుందేమోనని అన్నాను. నాకోసం అన్నాను, ఆవిడకోసం కాదు. నాకది నేర్పే వీడియో ఉంటుందని నేననుకోను.”

ఒక సర్జన్, తెల్లజుట్టాయన, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, “నేనూ అదే మాట అన్నాను, చాలాసార్లు. నన్నెవరూ ఆపలేదు” అన్నాడు.

గెలిచామనుకున్నాను.

గెలవలేదు. ఓడిపోలేదు. ‘మరింత పరిశీలన అవసరం.’ ఈస్టర్ తర్వాత చూస్తారట.

మార్చి 20

హెలెన్ కాఫీకి పిలిచింది. రోజా అని తెలిసి నాలిక కరుచుకుని, పార్కులో నడుద్దామంది. నడిచాం. మంచి ఎండ.

ఆన్‌లైన్ వెర్షన్ నా చేతే చేయిస్తారట. జూన్ తర్వాత ఉద్యోగం పర్మనెంట్. “యు విల్ హ్యావ్ యువర్ ఓన్ టీమ్.” గురువారాల మాట మాత్రం ఇక ఎత్తకూడదు.

ఆవిడ చెడ్డ మనిషైతే ఎంత తేలికగా ఉండేది. కాదు. నిజంగానే నాకు మేలు చేస్తున్నాననుకుంటోంది.

“థాంక్యూ. వద్దు.”

“ఆలోచించుకుని చెప్పు.”

“ఆలోచించుకునే చెప్తున్నాను.”

మార్చి 21

ఇంతియాజ్‌తో చెప్పాను. బయటికెళ్లి గడ్డి కోసే మిషన్ తీశాడు. గడ్డి లేనిచోట కూడా కోస్తున్నాడు.

మార్చి 23

గ్రేస్ ద్వారా సోఫియా సందేశం. ఆస్పత్రిలో వీల్లేకపోతే ఇంట్లో నేర్పుతుందట. ఓక్లీలో తన వంటింట్లో. “నా ఇంటికి నేనెవర్ని పిలుచుకుంటానో మీ డైరెక్టర్‌కేం సంబంధం?”

మరియాకి ఫోన్ చేశాను. మీకిష్టం లేకపోతే రాము అని. మరియా — “ఈ వారం మొదటిసారి అమ్మ పొద్దున్నే లేచి జుట్టు దువ్వుకుంది. రండి.”

మార్చి 24

హెలెన్‌కి చెప్పాను. దాచి చేసే పని కాదు ఇది. గురువారం సాయంత్రం, ఆఫీస్ అయ్యాక, సోఫియా ఇంట్లో, ఆవిడ పిలిస్తే వెళ్తున్నాం. నేను, గ్రేస్, టామ్, ఇంకో ఇద్దరు ల్యాబ్ వాళ్లు.

“ఇది సెంటర్ కార్యక్రమం కాదు.”

“కాదు.”

“నేను అనుమతించడం లేదు.”

“నేను అడగడం లేదు.”

ఈ మాట నా నోట్లోంచి ఇంత నెమ్మదిగా వస్తుందని నాకే తెలియదు.

మార్చి 27

సోఫియా వంటిల్లు. నిమ్మకాయలు, ఓరిగానో, గోడ మీద పెళ్లి ఫొటో. బల్ల నిండా తిండి — ఆవిడకీ ఉపవాస కాలమే, ఈస్టర్ ముందు మాంసం, పాలు ముట్టరట. నాకు సూర్యాస్తమయం దాకా ఏమీ వద్దంటే అర్థం చేసుకుంది, కానీ ఒక ప్లేటు నిండా సర్ది, మూత పెట్టి, నా ముందే ఉంచింది. “నీది. ఎవరూ ముట్టుకోరు.”

అందర్నీ కూర్చోబెట్టింది. నిజంగా టీచరే. వెనక కూర్చున్న ల్యాబ్ పిల్ల ఫోన్ చూస్తుంటే ఒక్క చూపు చూసింది, ఫోన్ బ్యాగ్‌లోకి వెళ్లిపోయింది.

టామ్‌ని ఎదురుగా కూర్చోమంది. అతను ముందే మొదలుపెట్టాడు — “సోఫియా, ఆ రోజు నేను...”

“తెలుసు. క్షమించాను. ఇప్పుడు పాఠం. నేనడుగుతాను, నువ్వు చెప్పు. నీ మందు నాకు అందుతుందా?”

మరియా సింక్ దగ్గర వెనక్కి తిరిగి నిలబడింది, కొళాయి కట్టేసింది.

“...అందదు.”

“ఇంకా గట్టిగా.”

“అందదు, సోఫియా. మీకు అందేలోగా తయారవదు. ఐ యామ్ సారీ.”

“ఇప్పుడు లేచి వెళ్లిపోకు. అక్కడే కూర్చో. నా మొహం చూడు.”

చూశాడు. ఎంతసేపో. ఏడుస్తూనే చూశాడు. ఆవిడ ఏడవలేదు. చెయ్యి చాపి అతని చెయ్యి మీద వేసి, మిగతా వాళ్ల వైపు తిరిగి, క్లాసులో చెప్పినట్టు — “చూశారా? చచ్చిపోలేదు నేను. నిజం విన్నా ఇక్కడే ఉన్నాను. ఇప్పుడు అడుగుతాను అసలు ప్రశ్న. ఆ మందు ఎవరికి అందుతుంది?”

“తెలియదు. మీ మనవరాళ్ల వయసు వాళ్లకి... కావచ్చు. కావచ్చు అని మాత్రమే అనగలను.”

“అది చాలు. ఆ ‘కావచ్చు’ నాకిష్టం.”

మరియా వచ్చి తల్లి వెనక నిలబడింది. టామ్‌కి టిష్యూ పెట్టె అందించింది.

పొద్దు గుంకింది. ప్లేటు మూత సోఫియాయే తీసింది. 

గుంటూరు వార్డులో ఇలా కూర్చుని నిజం చెప్పడం నాకు నేర్పిన వాళ్లెవరూ లేరు. ఇక్కడా లేరు. ఇవాళ ఒకామె నేర్పింది. క్విజ్ లేదు.

మార్చి 28

హెలెన్ మెసేజ్: మంగళవారం తొమ్మిదింటికి మీటింగ్. హెచ్‌ఆర్ వాళ్లు కూడా ఉంటారు.

సరే.

మార్చి 31

ఈద్. పొద్దున్నే మైదానంలో నమాజ్, గడ్డి మీద మంచు, కింద పరిచిన జానమాజులు తడిసిపోయాయి. జోయా నిజంగానే అన్ని రోజాలూ ఉంది — మాట వెనక్కి తీసుకుంటున్నాను. షీర్ ఖుర్మా రెండుసార్లు కాచాను. సాయంత్రం దాకా వచ్చేపోయే జనం.

మధ్యలో గ్రేస్ ఫోన్. సోఫియా స్కాన్ బాగా రాలేదు. మందు మారుస్తారు. కొన్ని వారాలు పనిచేయొచ్చు, చేయకపోవచ్చు. సోఫియా మాత్రం ఒకటే చెప్పమందట: వచ్చే గురువారం పాఠం ఉంది, ఇంకో నలుగురు వస్తామంటున్నారు, కూర్చోడానికి చోటు లేదు, నస్రీన్‌ని ఏదైనా చూడమను.

రేపు తొమ్మిదింటికి ఆ గదిలో ఏమవుతుందో తెలియదు. వాళ్లేమంటారో ఊహించడం మానేశాను. నేనేం చెప్పాలో మాత్రం ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి, అద్దం ముందు చెప్పుకుని చూశాను. తెలుగులోనే బాగా వచ్చింది.

చుట్టాలంతా వెళ్లాక ఇంతియాజ్ ఎక్కడా కనపడలేదు. గరాజ్‌లో చప్పుడైతే వెళ్లి చూశాను. ఇవాళ జనం కోసం వేసిన మడతకుర్చీలు కడిగి, తుడిచి, ఒక్కొక్కటే నా కారు డిక్కీలో సర్దుతున్నాడు.

“రేపేమైతాదో తెల్దు గానీ,” అన్నాడు తల ఎత్తకుండా, “గురువారం వాళ్లు నిలబడుకోవాల్నా?”

కుర్చీలన్నీ డిక్కీలో పట్టడం లేదు. నేను వెనక సీటు మడిచాను.